గోడ మీద ఇంటి బొమ్మ

ఏన్కూరు,
16 ఏప్రిల్ 2025, బుధవారం.

మా టీచరమ్మ హేమలత గారికి,

మిర్చి షెడ్డులో కాంటా దగ్గర కూర్చునే జకర్యా వందనాలతో రాయునది. ఇక్కడ నేనూ నా దగ్గూ ఇద్దరం కులాసా. ప్రభువు దయవల్ల మీరూ, మీ ఇంటివారూ, ఆ కొత్త చోట మీ పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. మీ పాత నంబరుకు ఫోన్ కొడితే ఆ నంబరు లేదని ఒక ఆడమనిషి మూడు భాషల్లో చెబుతోంది. ఆమెతో వాదించి లాభం లేదని తేలాక ఈ ఉత్తరం మొదలుపెట్టాను. వెళ్లేటప్పుడు మీరు రాసిచ్చిన హాస్టల్ చిరునామా నా బైబిల్లో భద్రంగా ఉంది. ఒకవేళ చిరునామా కూడా మారిపోయి ఉంటే, ఈ కాగితం చదువుతున్న వారెవరో వారికీ నా వందనాలు.

ముందు ఊరి కబుర్లు. ఈ ఏడు కాయ బాగా పండింది, ధర అంత బాగానూ పడిపోయింది. రైతు అమ్ముకోలేక ఏడుస్తున్నాడు, సేటు చవగ్గా కొని నవ్వుతున్నాడు, ఇద్దరూ ఒకే ఘాటుకు తుమ్ముతున్నారు. షెడ్డులో సంచులు రేకుల దాకా పేర్చారు. తొడిమలు తీసే ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని కూర్చుంటే ఎవరెవరో గుర్తుపట్టడం కష్టంగా ఉంది. తిట్టు వినబడితే గాని పేరు గుర్తు రాదు.

నా దస్తూరీ చూసి నవ్వుకోకండి. మీకోసారి చెప్పాను గదా, నాకు అక్షరాలు నేర్పింది బడి కాదు, గోనెసంచులు. కుర్రతనంలో సంచులు మోసేటప్పుడు వాటి మీద అచ్చు గుద్దిన ఊళ్ల పేర్లు చూసి చూసి, ఇది ‘మ’ అయి ఉంటుంది, ఇది ‘ధి’ అయి ఉంటుందని పోల్చుకున్నాను. అందుకే ‘అమ్మ’ కంటే ముందు నాకు ‘మధిర’ రాయడం వచ్చింది. ఆ తరువాత చర్చిలో పాటల పుస్తకం, అటు పిమ్మట పొట్లాలు కట్టిన పాత పేపర్లు. ఇప్పటికీ పొడుగాటి మాట వస్తే సంచి కుట్టు దగ్గర విరిగినట్టు విరుగుతుంది. మా పాస్టరుగారు ఒకసారి నా చేత సంఘం నివేదిక రాయించి... సరే, అది ఇంకో కథ. విషయానికి వస్తాను.

విషయం మన కోటేష్.

మీకు తెలిసిందే అయినా మొదటి నుంచీ చెప్పుకుంటే గాని నాకు తోవ దొరకదు, ఓర్చుకోండి. షెడ్డు వెనక తండాలోంచి మీరు వాణ్ణి తెచ్చిన రోజు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఇరవై దాటిన మనిషి. కోడెదూడలా భుజాలున్నాయి, మాటలు మాత్రం గుప్పెడే. అమ్మ, బువ్వ, వద్దు, ఇంకా ఏవో. తండా వాళ్లు వాడికి బుద్ధి లేదని ఎప్పుడో తేల్చేశారు. మీరేమో లేకపోవడం కాదు, మెల్లగా నడుస్తోంది, తోవ చూపిస్తే పని దాకా వస్తుందన్నారు. మేస్త్రి హరిలాల్ మీ మొహం మీదే “ఏంది మేడం, బడి అనుకున్నరా? ఇది మిర్చి షెడ్డు. కండ్లు నలుపుకుంటే ఎవలు జవాబు?” అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. కాయ ముట్టిన చెయ్యి కడగకుండా మొహం ముట్టకూడదని వాడికి నేర్పడానికే మీకు రోజులు పట్టాయి. ఆ రోజుల్లో వాడు ఏడ్చిన ఏడుపుకు రేకులు అదిరేవి. తల్లి సైదమ్మ గేటు దగ్గర నిలబడి, “ఇగ చాలు టీచరమ్మా, తోల్కపోత” అని మీ కాళ్ల మీద పడింది. మీరు కరగలేదు. ఆమెను నా కాంటా పక్కనే కూర్చోబెట్టి చెప్పారు: ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, ఏడిస్తే మనసు కరగకూడదు, ఒకసారి కరిగితే ఏడుపే అలవాటవుతుంది, సరిగ్గా చేసిన వెంటనే మెచ్చుకోవాలి. ఆమె చేత మళ్లీ మళ్లీ చెప్పించారు. ఏ బళ్లోనూ కూర్చోని మనిషి పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

ఆ తరువాత గోడకు ఆ పలక వచ్చింది. పలక మీద గరుకు పట్టీ, పట్టీకి అంటుకునే బొమ్మలు. సంచి, కాయ, నీళ్ల కుళాయి, అన్నం గిన్నె, మళ్లీ కాయ, మళ్లీ కుళాయి, ఆఖరున ఇల్లు. గంట కొట్టగానే వాడు అయిపోయిన బొమ్మ పీకి కింది డబ్బాలో వేయాలి, తరువాతి బొమ్మ చూసి ఆ పని చేయాలి. పొద్దున్నే వాటిని వరుసగా మళ్లీ అతికించే ఉద్యోగం నాకిచ్చారు. ఈ వయసులో నాకు ప్రమోషన్ ఇచ్చింది మీరొక్కరే.

ఇంటి బొమ్మ దగ్గర మనం బోల్తా పడ్డాం, గుర్తుందా? మీరు ముచ్చటగా ఎర్ర పెంకుల ఇల్లు గీశారు. సాయంత్రం కోటేష్ బుద్ధిగా చేతులు కడుక్కుని, దాన్ని పీకి డబ్బాలో వేసి, తిన్నగా మా చర్చికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. ఈ చుట్టుపక్కల పెంకుల కప్పు ఉన్నది దానికొక్కదానికే. సైదమ్మ గుడిసె రేకులది. దీపాలు పెట్టే వేళకు మా వాళ్లు ప్రార్థనకు వచ్చి, కొత్త విశ్వాసి దొరికాడని సంబరపడ్డారు. మర్నాడు మీరు సైదమ్మను ఆమె తలుపులోనే నిలబెట్టి ఫోటో తీసి, దాన్నే బొమ్మ చేశారు. అప్పటినుంచి ఏనాడూ తప్పిపోలేదు. గంట, తలుపులో అమ్మ ఉన్న బొమ్మ, ఇంటి దారి.

ఇంకో సంగతి. ఆడవాళ్లు వాణ్ణి నోటితో ఆడించేవారు. “కోటేషా, మీ అమ్మ పిలుస్తుంది, ఉరుకు” అనేవారు, వాడు ఉరికేవాడు, మేస్త్రి తిట్టేవాడు, వీళ్లు నవ్వేవారు. అందుకని మీరు వాడికి నోటి మాట వినకుండా పలకనే నమ్మడం నేర్పారు. ఎవరేమన్నా ముందు గోడ వైపు చూస్తాడు. అది మంచి పనే. అప్పుడు మంచి పనే.

మీ సంస్థకు డబ్బు పంపే వాళ్లు మానేశారని, మిమ్మల్ని వేరే చోటికి పొమ్మన్నారని సంక్రాంతి వెళ్లాక మీరు సంచి సర్దుకున్నారు. మీరు పోయాక కోటేష్ చెడిపోలేదు, ఇంకా పదునెక్కాడు. గంటకు ముందే వచ్చేవాడు. కూర్చున్న చోటు నుంచి కదిలేవాడు కాదు. తెల్లబారిన తాలు కాయ ఒక్కటి కూడా ఎర్ర కాయల్లో కలవనిచ్చేవాడు కాదు. హరిలాల్ వాడికి ‘కరెంటు లేని మిషన్’ అని పేరు పెట్టాడు. మీరు చెప్పిన మూడు మాటల్లో హరిలాల్‌కు నచ్చింది ఒక్కటే, మెచ్చుకోవడం. దానికి ఖర్చు లేదు గదా. సంచి సంచికీ “శభాష్‌రా బిడ్డా!” అనేవాడు. వాడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వి ఇంకో సంచి విప్పేవాడు.

పక్కన కూర్చునే ఆడవాళ్లకు ఇది మంటగా ఉండేది. “గా పిచ్చోన్ని చూసి నేర్చుకోండ్రని మమ్ముల తిడ్తుండు మేస్త్రి. పిచ్చోడైతేనే మంచి కూలోడా?” అని గోరి ఒకరోజు నా దగ్గర ఎగిరింది. గోరి మీకు గుర్తుండే ఉంటుంది. తొడిమ తీసే వేళ్ల కంటే నాలుక వేగం. తుమ్మితే కూడా అందులో ఎవరికో ఒక చురక ఉంటుంది. ఆమె ఒక రోజు పలక మీద అన్నం గిన్నె పక్కన ఇంకో అన్నం గిన్నె అతికించింది. కోటేష్ తన గిన్నె ఖాళీ చేసి, గంట కొట్టాక మళ్లీ పలక చూసి, ఆడవాళ్ల మధ్యకు పోయి వాళ్ల గిన్నెల్లో చెయ్యి పెట్టాడు. షెడ్డంతా పొట్ట పట్టుకుని నవ్వింది. మర్నాడు అసలు గిన్నె బొమ్మే తీసేసింది. అందరూ తింటుంటే వాడు కాయల ముందే కూర్చున్నాడు. సైదమ్మ కట్టిన సద్ది పక్కనే ఉంది. వాసన వస్తోంది, గుటకలు వేస్తున్నాడు, గోడ వైపు చూస్తున్నాడు, మూత మాత్రం తీయడు. దానికీ నవ్వారు. నేను లేచి ఆ బొమ్మ వెతికి అంటించేసరికి అన్నం పాచిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. కిందటి నెలాఖరులో ఒక పొద్దున డబ్బాలో చెయ్యి పెడితే ఇంటి బొమ్మ లేదు. డబ్బా తిరగేశాను, గోనెలు దులిపాను, చీపురు పుల్లలు కూడా లెక్కపెట్టినంత పని చేశాను. లేదు. సాయంత్రం గంట కొట్టారు. కోటేష్ చేతులు కడుక్కుని వచ్చి, కుళాయి బొమ్మ డబ్బాలో వేసి, పలక ముందు నిలబడ్డాడు. పట్టీ ఖాళీ. బొమ్మ ఉండాల్సిన చోట వేలితో తడిమాడు. మళ్లీ తడిమాడు. అందరూ చెప్పులు వేసుకుని పోతున్నారు. నేను చెయ్యి పట్టుకుని ఇంటికి పోదాం పదరా అంటే నా మొహం చూడలేదు, గోడే చూశాడు. గుంజితే కరిచాడు. ఆ గాటు ఇంకా మానలేదు, వాడి తప్పు కాదు.

అప్పుడు హరిలాల్ వచ్చాడు. కాసేపు చూశాడు. డబ్బాలోంచి కాయ బొమ్మ తీసి ఆ ఖాళీలో అంటించాడు. కోటేష్ తడి చేతులతోనే పోయి సంచి విప్పాడు. “శభాష్‌రా బిడ్డా!” అన్నాడు హరిలాల్.

నేను అరిచాను. అరిచి ఏం చేస్తాను, నా కాంటా నా గొంతు బరువు తూచదు. “ఏ ముసలాయనా, నేనేమన్న కట్టేసిన్నా? తలుపు తెరిచే ఉన్నది, పొమ్మను” అన్నాడు హరిలాల్. నిజమే, తలుపు తెరిచే ఉంది. బయట తండా దీపాలు కనిపిస్తున్నాయి. వాడు కాయల ముందు కూర్చున్నాడు.

అప్పటినుంచి వాడు షెడ్డులోనే పడుకుంటున్నాడు. తొలి రోజుల్లో కాయలు చేతిలో పట్టుకునే గొంతెత్తి ఏడుస్తూ ఒర్లేవాడు, కడగని చేత్తో కళ్లు తుడుచుకునేవాడు, ఆ మంటకు ఇంకా ఒర్లేవాడు. మీరు అన్ని రోజులు పట్టి నేర్పింది అదొక్కటే పోయింది. సైదమ్మ వచ్చింది. గిన్నె తెచ్చి వాడి ముందు పెట్టింది, పలక వైపు చూసింది. ఏమమ్మా, నువ్వు తల్లివి, చెయ్యి పట్టి లేపితే నీ వెంట రాడా అంటే, “ఉండనీ పెద్దయ్యా. ఒర్లుతడు, ఒర్లుతడు, పంటడు” అంది. హరిలాల్ బెదిరించి ఉంటాడని ఊరుకున్నాను. పని పోతుందన్న భయం ఎంత మంది నోరు నొక్కిందో నాకు తెలియంది కాదు.

నా వంతు వైద్యం నేనూ చేశాను. అట్ట ముక్క మీద బొగ్గుతో ఇల్లు గీశాను. రేకులు గీశాను, తలుపు గీశాను, తలుపులో సైదమ్మను కూడా గీశాను. కోటేష్ దాన్ని శ్రద్ధగా చూశాడు, పీకి డబ్బాలో వేశాడు, లేచాడు. నేనూ వెనకే లేచాను. వాడు తిన్నగా షెడ్డు వెనక రేకుల మరుగుదొడ్డికి పోయి, తలుపు దగ్గర నిలబడి, చాలాసేపటికి తిరిగొచ్చి కూర్చున్నాడు. నా బొమ్మ దానికే పోలింది మరి.

దొంగ ఎవరన్నది మాత్రం నేను పట్టాను. అన్నం బొమ్మ తీసిన చెయ్యి ఇంటి బొమ్మ ఎందుకు తీయదు? ఆడవాళ్లందరి ముందూ గోరిని నిలదీశాను. గోరి మొదట నవ్వింది, నేను నవ్వడం లేదని చూసి ఆపింది. “అన్నం బొమ్మ తీసిన, ఒప్పుకుంట. నవ్వులాటకు తీసిన. ఇల్లు తీసి నేనేం చేసుకోవాలె తాతా? నా ఇల్లే నాకు సక్కగ లేదు” అంది. నేను నమ్మలేదు. హరిలాల్‌కు ఎలాగూ ఆమె నోరు నచ్చదు, సాకు దొరికింది, ఆ పూటే షెడ్డు నుంచి తోలేశాడు. పోతూ పోతూ గేటు దగ్గర సైదమ్మ ఎదురైతే, “నీ కొడుకు మీద ఒట్టు, నేను తీయలే అక్కా. నువ్వన్న చెప్పు ఈ ముసలాయనకు” అని చేతులు పట్టుకుంది. సైదమ్మ చేతులు విడిపించుకుని లోపలికి వచ్చేసింది. ఉసురు తగిలింది గోరికి అనుకున్నాను. బొమ్మ మాత్రం ఎక్కడ దాచిందో చెప్పకుండానే పోయింది.

అందుకని తల్లీ, మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఆ ఫోటో మీ ఫోన్లో ఉండే ఉంటుంది. దాన్ని మళ్లీ అచ్చు వేయించి, అట్టకు అంటించి, వెనక గరుకు ముక్క కుట్టి, వెంటనే పంపండి. రెండు పంపండి, ఒకటి నా జేబులో ఉంచుకుంటాను. వాడు ఏడవడం మానేశాడు, మంచిదే అనుకున్నాను గాని, ఏడుపు మానిన వాణ్ణి చూడటం ఏడ్చే వాణ్ణి చూడటం కంటే కష్టంగా ఉంది. మీరు చేసిన బొమ్మ ఒక్కటి గోడకెక్కితే, ఆ సాయంత్రం వాడు ఇంటికి పోతాడు.

ఆరోగ్యం జాగ్రత్త. ఆ ఊళ్లో నీళ్లు కాచుకుని తాగండి.

మీ మేలు కోరే,
జకర్యా
(కాంటా)

తా.క.: శనివారం. గురువారం లారీలు దిగడంతో ఊపిరాడలేదు, నిన్న గుడ్ ఫ్రైడే, పోస్టాఫీసు లేదు. అందుకే ఈ ఉత్తరం నా దగ్గరే ఉండిపోయింది. పైన నేను వెలగబెట్టిన తెలివితేటలు కొట్టేసుకుని చదవండి. కాగితం చించి మళ్లీ రాయడానికి నాకు చేతులు రావడం లేదు.

నిన్న పొద్దుగూకే ముందు సైదమ్మ వచ్చి కాంటా పక్కన, మీరు ఆమెను కూర్చోబెట్టిన చోటే కూర్చుంది. టీచరమ్మకు రాస్తున్నావట గదా, బొమ్మ అడగకు అంది. “అది నేనే తీసిన పెద్దయ్యా. పొయ్యిల పెట్టిన.”

కడుపులో గడ్డ అట. ఖమ్మం దవాఖానాలో చూపించుకుంటే, కోయడానికి కూడా దాటిపోయింది, వానల దాకా ఉంటే ఉన్నట్టు అన్నారట. ఎవరికీ చెప్పలేదు. “నేను పొయ్యినంక గూడ గంట కొడ్తరు గద. వాడు బొమ్మ చూసి ఇంటికే వస్తడు. తలుపుల నేను ఉండ. దినాం వచ్చి తలుపు కొడ్తడు. ఎవలు తీస్తరు?” అంది. హరిలాల్‌ను ముందే అడిగిందట. ఒర్లకుండా పడి ఉంటే షెడ్డులోనే ఉంచుకుంటా, ఇంటికి ఉరుకుతానంటే నాకొద్దు అన్నాడట. “టీచరమ్మ చెప్పలేదా, ఒక్కసారికి ఒక్కటే మార్చాలె, ఏడిస్తే కరగొద్దని? గట్లనే చేసిన. వాడు ఒర్లినన్ని రోజులు లారీ ఎనక కూసున్న. గిన్నె పెట్టుడు తప్ప లోపలికి పోలే.”

గోరి సంగతి అడిగాను. “తెలుసు. నేను నోరు తెరిస్తే బొమ్మ మళ్ల పెట్టుమంటవని చెప్పలే. దానికి బుద్ధి ఉన్నది, చేతులున్నయ్, యాడన్న బతుకుతది” అంది. దమ్మపేట వైపు పామాయిల్ తోటల్లో పనికి పోయిందట గోరి. నేను క్షమాపణ చెప్పాలన్నా ఎక్కడని వెతకను?

ఇప్పుడు సైదమ్మ రెండోది మొదలుపెట్టింది. వాడికి ఆమె మొహం కనబడకుండా చేయడం. గిన్నె వాడి వెనక పెట్టి వస్తోంది. “మొదలు అడుగు చప్పుడుకే అమ్మా అని లేసేటోడు. మొన్న నా దిక్కు చూసిండు, మళ్ల కాయ దిక్కు చూసిండు. లేవలే పెద్దయ్యా” అంది. చెప్పేటప్పుడు ఆమె మొహం చూశాను. వాడు మొదటిసారి తనంతట తాను చేతులు కడుక్కున్న రోజు మీ మొహం ఎలా ఉందో, అలాగే ఉంది.

కాబట్టి ఫోటో పంపకండి. దానికి బదులు ఆమె మిమ్మల్ని ఒక మాట అడగమంది, అది రాయడానికే ఈ తాజా కలం. ఒక్క పూట, ఒక్క పూటే, వాణ్ణి ఇంటికి తీసుకుపోయి, తల అంటి, తన చేత్తో బువ్వ తినిపించి, మళ్లీ తెచ్చి కూర్చోబెడితే, ఇన్ని రోజులు పడ్డ అలవాటు చెడుతుందా?

ఏమీ చెడదు, ఇప్పుడే తీసుకుపొమ్మన్నాను. టీచరమ్మ చెప్పాలె అంటూ లేచింది. గేటుకు దగ్గర దారి కోటేష్ కూర్చున్న చోటు మీదుగానే. ఆమె కొంగు నడుముకు చుట్టుకుని, షెడ్డు వెనక నుంచి చుట్టూ తిరిగి పోయింది.

జకర్యా